గంజి పెట్టిన బొంత

నా మనవరాలికి ఏడాదిన్నర. నా చీర కొంగు పిడికిట్లో లేకపోతే కన్ను మూయదు. మా అమ్మాయికేమో పాండిచ్చేరి ట్రాన్స్‌ఫర్ అయింది. ఇన్నాళ్లూ మెట్టకూరులో మా ఇంట్లోనే ఉండి ఆఫీసుకి వెళ్లొచ్చేది. పిల్ల నా ఒళ్లోనే పెరిగింది. ఇప్పుడు ఇద్దరూ వెళ్లిపోతున్నారు. కొంగు కోసి ఇవ్వలేను కదా అనుకున్నాను. తర్వాత, ఎందుకివ్వలేనూ అనిపించింది. పాత వాయిల్ చీరలు నాలుగు తీసి బొంత కుట్టడానికి కూర్చున్నాను.

మా వైపు పసిపిల్లల బొంతకి కొత్తగుడ్డ వాడరు. ఒంటి మీద నలిగి నలిగి మెత్తబడ్డ చీరే కావాలి. చేత్తో కుడితే నెల పడుతుంది, నాకున్నది పది రోజులు. మిషను మీద ఆ మెత్తటి గుడ్డ నిలవదు, జారిపోయి ముడతలు పడుతుంది. అందుకని చీరలన్నీ ఉతికి, చిక్కగా గంజి పెట్టి ఆరేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నాలు కుట్టేదాన్ని. గోదావరి గాలి కిటికీలోంచి వచ్చి గుడ్డని లేపేది. మిషను టకటకలో బయటి చప్పుళ్లన్నీ మునిగిపోయేవి. నీలం చీర ముక్క సూది కిందకి వస్తే, జ్వరంతో ఉన్న మా అమ్మాయిని భుజాన వేసుకుని తిరిగిన వరండా కనిపించేది. పచ్చచుక్కల ముక్క దగ్గర నాకు పాతికేళ్లే. కాళ్లు తొక్కుతూనే ఉండేవి, నేను మాత్రం ఎక్కడో ఉండేదాన్ని. కింద దారం అయిపోయినా తెలియక జానెడు దూరం ఉత్తినే కుట్టుకుపోయి, నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి వచ్చేదాన్ని.

ప్రయాణం రెండు రోజులుందనగా ఆఖరి అంచు మడిచి కుట్టి, దారం తెంపాను. పిల్లని దాని మీద పడుకోబెట్టాను. బుగ్గ ఆనించి, చటుక్కున లేచి, "ఛీ" అంది. బొంతని కాలితో తన్ని నా కొంగు లాక్కుంది.

మా అమ్మాయి తడిమి చూసి నవ్వింది. "ఏంటమ్మా ఇది, అట్టముక్కలాగుంది! బొంతకి గంజేంటి?"

"నీకేం తెలుసే! మిషను మీద కుట్టి చూడు, తెలుస్తుంది" అని కసిరాను. లోపల మాత్రం ఒకటే సంతోషం. పిల్లకి నేను తప్ప ఇంకేదీ పనికిరాదు! అలా అనుకున్నందుకు సిగ్గేసింది గానీ, సంతోషం పోలేదు.

గోరువెచ్చటి నీళ్లలో సబ్బు పెట్టి జాడించాను. గంజి పోయింది, బొంత మెత్తబడింది. పిల్ల మళ్లీ ముక్కు ఆనించి చూసి, పక్కకి తోసేసింది. ఇన్నేళ్లుగా ఆ చీరలకి పట్టిన నా వాసన ఉతుకుల్లో పోయిందని అప్పుడర్థమైంది.

"ఈ రెండ్రోజులూ నువ్వే కప్పుకుని పడుకోమ్మా" అంది మా అమ్మాయి. ఈసారి నవ్వలేదు. "అక్కడికెళ్లాక ఊరుకోకుండా ఏడిస్తే నేనేం చెయ్యను?"

దాని గొంతులో భయం విన్నాక నా సంతోషం చల్లారిపోయింది. అంత ఉక్కపోతలోనూ బొంత కప్పుకుని పడుకున్నాను. నా చెమట, తలకి రాసుకున్న కొబ్బరినూనె, చేతులకంటిన పోపు వాసన అన్నీ దానికి పట్టించాను. సగం నిద్రలో, పడవలో వెల్లకిలా పడుకుని ఎటో పోతున్నట్టుండేది. పక్కన పిల్ల ఉందో, పిల్లంత ఉన్నప్పటి మా అమ్మాయి ఉందో తెలిసేది కాదు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం సామాను సర్దుతుంటే పిల్ల నిద్రకి నసిగింది. బొంత మీద పడుకోబెట్టి, కొంగు బొడ్లో దోపేసుకుని పక్కన కూర్చున్నాను. కాసేపు అటూ ఇటూ దొర్లింది. బొంత మూల చేతికి దొరికితే ముక్కు దగ్గరికి లాక్కుని, గట్టిగా వాసన పీల్చి, కళ్లు మూసుకుంది. నేను జోకొట్టబోతే నా చెయ్యి తోసేసి అటు తిరిగింది.

"హమ్మయ్య" అంది మా అమ్మాయి.

నేనూ హమ్మయ్యే అన్నాను. ఏడుపొచ్చింది. ఇక లేచి నా పని నేను చూసుకోవచ్చు. ఎంతసేపటికీ లేవలేదు.