పడవ పాట చీర

ఆ రోజుల్లో పాట మనం పిలిస్తే వచ్చేది కాదు. దానికి బుద్ధి పుట్టిన శుక్రవారం అదే వచ్చేది. వస్తే మన అదృష్టం, రాకపోతే మళ్ళీ వారం దాకా ఎదురుచూడటమే. ఎనభైల నడిమి మాట ఇది. వరంగల్ కొత్తవాడలో మాది రెండు మగ్గాల ఇల్లు. ఒకటి తాతది, ఒకటి బాపుది, అంటే మా నాన్నది. ఆ రెంటికీ మధ్య గోడకు కొట్టిన చెక్క మీద, నలుపూ తెలుపూ తప్ప వేరే రంగు ఎరగని టీవీ ఒకటి ఉండేది. శుక్రవారం సాయంత్రం సినిమా పాటలు మొదలయ్యే వేళకు మొదట తాత మగ్గం ఆపేవాడు, తర్వాత బాపు ఆపేవాడు. పొద్దంతా చెవుల్లో టకటకలాడిన చప్పుడు ఒక్కసారి ఆగిపోతే ఇల్లంతా మెత్తబడినట్టు ఉండేది. గంజి వాసన, ఆరేసిన నూలు వాసన, పొద్దుగూకే వెలుగు, అందులో సన్నగా మొదలయ్యే సంగీతం... ఇన్నేళ్ళయినా శుక్రవారం ఆ వేళకు నా చేతులు చేస్తున్న పనిని వాటంతటవే ఆపేస్తాయి. (మా ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. అననివ్వండి.)

లోకంలో అందరూ పాటలు వినేవాళ్ళు. మా ఇంట్లో వినేది నాయనమ్మ ఒక్కతే. కళ్ళు మూసుకుని, గోడకు ఒరిగి, తల ఆడిస్తూ ఆమె ఎటో వెళ్ళిపోయేది. మిగతా నలుగురం చీరలు చూసేవాళ్ళం. నేతవాళ్ళ ఇంట్లో హీరోయిన్ అంటే చీర కట్టుకుని అటూ ఇటూ తిరిగే మనిషి, అంతే. బాపు అంచు చూడాలి, అమ్మ కొంగు చూడాలి, నేను పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గబగబా గీయాలి. పాట ఉండేదే నాలుగు నిమిషాలు, అందులో చీర సరిగ్గా కనబడేది కాసేపు. సరిగ్గా ఆ కాసేపట్లోనే హీరో వచ్చి అడ్డం నిలబడేవాడు. "అరె, ఈడొకడు! జర పక్కకు జరుగరాదురా బాబూ" అని బాపు నిజంగానే చెయ్యి ఊపేవాడు. "గంత సేపు మొకం సూపిచ్చుడేంది? మొకం ఎవలకు గావాలె, కిందికి సూపియ్యి" అని అమ్మ కెమెరా పట్టినవాణ్ణి తిట్టేది. ఇక ఆ పిల్ల తోటలో ఉరకడం మొదలుపెడితే ఇల్లంతా గోల. "ఉరుకకు బిడ్డా, కొంగు మడత పడ్తాంది!" హీరోయిన్ ఏడ్చే పాటలంటే మాకు మహా ఇష్టం. ఒక్కచోట కదలకుండా కూర్చుని ఏడుస్తుంది కదా.

రంగు చెప్పే పని మాత్రం తాతది. నలభై ఏళ్ళు నూలుకు రంగులద్దిన మనిషి. పాట అయిపోగానే అందరం ఆయన వైపు తిరిగేవాళ్ళం. తాత కళ్ళు చికిలించి, మీసం దువ్వి, తీర్పు చెప్పేవాడు. "బూడిద రంగంటె ఒక్కటే అనుకుంటాండ్రా? బూడిదల గూడ వంద తీర్లుంటయ్. గిది చిలకపచ్చ. ఆ అంచు నల్లగ కనబడ్తాంది గని నలుపు గాదు, వంకాయ రంగు." ఎదురు చెప్పేవాళ్ళు లేరు. చెప్పడానికి ఆధారం ఉంటే కదా! ఆ సినిమాలు ఊళ్ళో టాకీసుల్లోకి ఎప్పుడో వచ్చి ఎప్పుడో పోయాయి. మా తాత సినిమా హాలు గడప తొక్కిన మనిషి కాదు, మమ్మల్ని తొక్కనిచ్చిన మనిషీ కాదు. (మా గల్లీలో కొందరు టీవీ అద్దానికి రంగుల ప్లాస్టిక్ కాగితం అంటించుకున్నారు. పైన నీలం, కింద పచ్చ. దాంతో అందరి తలలూ నీలమే. తాత చూసి వచ్చి "గదేం పాడుబుద్ధి" అన్నాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.)

ఇక నా గొడవకు వస్తాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో కండెలకు నూలు చుట్టేదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్ళు నూలు చుట్టడమే గాని మగ్గం గుంటలో దిగి నేసింది లేదు. నాకేమో ఆ గుంటలో కూర్చోవాలని ప్రాణం కొట్టుకునేది. (తాత మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో దొంగతనంగా నేర్చుకున్నాను. ఇంట్లో అందరికీ తెలిసిన దొంగతనమే.) ఆ ఏడాది తాత మోకాళ్ళు మొరాయించాయి. ఒకనాడు అన్నం దగ్గర బాపు తేల్చేశాడు. "నాయినా, ఇగ నీతోని గాదు. దసరా దాటినంక నీ మగ్గం హసన్‌పర్తికి తమ్ముని ఇంటికి పంపుత. ఆడ నేసెటోళ్ళున్నరు." అన్నం కలుపుతున్న తాత చెయ్యి ఆగింది. నా నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది. "ఈడ నేనున్న గద!" బాపు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు తాతకు రోషమే వచ్చిందో, నా మీద జాలే వచ్చిందో, "నవ్వుడెందుకు, పరీక్ష పెడ్దాం" అన్నాడు. "ఆ పడవ పాట చీర నెయ్యమను. పాటల కనబడే చీర పక్కన పెడితె తేడా రావద్దు. నేసిందా, మగ్గం దానిది. లేకుంటె హసన్‌పర్తికే."

పడవ పాట అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. నది, పడవ, పడవలో ఒంటరిగా ఒక పిల్ల, నీళ్ళలో వేళ్ళు ఆడిస్తూ ఎవరికోసమో పాడుతుంటుంది. నాయనమ్మకు ప్రాణమైన పాట. కదలని పిల్ల కాబట్టి మాకూ ప్రాణమే. ఆమె చీరకు గోపురాల అంచు, చీర ఒంటి మీద చిన్న చిన్న బుటాలు. పాట అప్పటికి రెండుసార్లు వచ్చింది, కొంగు మాత్రం సగమే అందింది. ఆ మిగతా సగం కోసం ఎన్ని శుక్రవారాలు కళ్ళు కాయలు కాశాయో! పాట రాని ప్రతివారం దిగులుగా నిద్రపోయేదాన్ని, కలలో ఆ పడవ వచ్చేది, కలలో కూడా కొంగు మడతపడే ఉండేది. చివరికి ఒక వాన సాయంత్రం పాట వచ్చింది, కొంగు దొరికింది. రంగుల తీర్పు తాత ఎప్పుడో ఇచ్చేశాడు. "ఒళ్ళు నెమలికంఠం, అంచు దానిమ్మగింజ ఎరుపు. ఇందుల అనుమానమే లేదు." నూలుకు రంగు కూడా తానే అద్ది ఇచ్చాడు. నేను గుంటలోకి దిగాను.

మొదటి వారం నేను నేసిన దానికన్నా తెగిన పోగులు అతికించిందే ఎక్కువ. తాత పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చూడకుండానే, చప్పుడు విని తప్పు చెప్పేవాడు. "దెబ్బ గట్టిగ పడ్తాంది బిడ్డా. కోపమెందుకు దాని మీద?" మెల్లమెల్లగా గోపురాలు ఒక్కొక్కటే లేచాయి. చీర సగానికి వచ్చిన నాడు, ఆ సంతోషంలో, చౌరస్తాలో పల్లీల పొట్లం కొన్నాను. పల్లీలన్నీ తిని పొట్లం విప్పితే, పాత సినిమా పత్రికలోని రంగుల పేజీ. నది. పడవ. అదే పిల్ల, అవే గోపురాలు. చీరేమో కనకాంబరం రంగు, అంచు ముదురు ఆకుపచ్చ.

ఇంటికెళ్ళి నిజం చెప్తే చీర కోసేయాలి, మళ్ళీ రంగులద్ది పడుగు పరిచి మొదటి నుంచి నేయాలి. అప్పటికి దసరా దాటుతుంది, మగ్గం పోతుంది. పోనీ మగ్గం సంగతి అటుంచి, నీ కన్ను తప్పింది తాతా అని ఆ మనిషితో ఎవరంటారు? నా వల్ల కాదు. అందులో తాత మీద ప్రేమ ఎంతో, మగ్గం మీద ఆశ ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. ఆ కాగితాన్ని ఉండచుట్టి మోరీలో పడేశాను. ఊరు మొత్తానికి ఆ పేజీ ఒక్కటే ఉన్నట్టు!

చీర పూర్తయింది. నాయనమ్మ కట్టుకుంది. గల్లీ అంతా వచ్చి అంచు పట్టుకుని చూసి మెచ్చుకుంది. బాపు మాత్రం గడ్డం గోక్కుంటూ, "పాటల చీర పక్కన పెడితె అన్నవ్ గద నాయినా, మరి పెట్టి సూద్దాం" అన్నాడు. మా చీరలు కొనే హన్మకొండ సేటు ఆ నెలలోనే రంగుల టీవీ తెచ్చాడట. రెండు శుక్రవారాలు అందరం రిక్షాలు మాట్లాడుకుని సేటు ఇంటికి వెళ్ళాం, సేటమ్మ ఇచ్చిన చాయ్ తాగాం, పడవ పాట రాలేదు. ఎందుకు వస్తుంది? అది రాకుండా చూడు తల్లీ, మేడారం జాతరకు వచ్చి నా ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కి ఉన్నాను. (బంగారమంటే అక్కడ బెల్లమే. అంత బెల్లమైనా ఎవరు కొనిస్తారని ఆలోచించలేదు.) అన్ని శుక్రవారాలు ఏ పాట కోసం పడిగాపులు పడ్డానో అదే పాట రావద్దని దణ్ణాలు పెట్టుకోవడం నాకే సిగ్గనిపించింది.

మూడో శుక్రవారం పడవ పాట వచ్చేసింది. నాయనమ్మ అలవాటుగా కళ్ళు మూసుకుంది. రంగుల్లో ఆ పాట ఎంత అందంగా ఉందో చెప్పలేను! ఇన్నాళ్ళూ బూడిదలో చూసిన నది నీలంగా, ఒడ్డు పచ్చగా, నీళ్ళ మీద ఎండ బంగారంలా. ఆ అందం నడుమ కనకాంబరం చీర కట్టుకుని ఆ పిల్ల నిక్షేపంగా పాడుకుంటోంది. టీవీ పక్కన కుర్చీలో మా నాయనమ్మ, నెమలికంఠం చీరలో. బాపు గొంతు సవరించుకున్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను.

తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "అమ్మా, రంగులకు ఏ బొత్తం?" అని సేటమ్మను అడిగాడు. ఆమె అయోమయంగా చూపించింది. తాత దాన్ని మెల్లగా చివరిదాకా తిప్పేశాడు. నీలం పోయింది, పచ్చ పోయింది, కనకాంబరం పోయింది. మా ఇంటి పాట మాకు వచ్చేసింది. "నేను పరీక్ష పెట్టింది ఈ పాటకు," అన్నాడు తాత. "ఇప్పుడు సూడుండ్రి. గోపురం సరిగ్గున్నదా? బుటా ఉన్నదా? కొంగు?" బాపు ముందుకు వంగి, నాయనమ్మ కొంగు పట్టుకుని, టీవీ చూసి, కొంగు చూసి, "ఉన్నది నాయినా" అన్నాడు. "మరింకేంది? నేత పిల్లది, రంగు నాది. నేత తప్పితె మగ్గం హసన్‌పర్తికి పోవాలె. రంగు తప్పితె పోవాల్సింది నేను. పంపుతవా నన్ను హసన్‌పర్తికి?"

ముందు నవ్వింది సేటు. తర్వాత అమ్మ. చివరికి బాపు కూడా తల కొట్టుకుంటూ నవ్వేశాడు. నాయనమ్మ కళ్ళు తెరిచి, "పాట నడుమ ఏం లొల్లి పెడ్తాండ్రు మీరు?" అని అందరినీ కసిరింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏనాడూ తన కన్ను తప్పిందని ఒప్పుకోని మనిషి, పరాయి ఇంట్లో, నలుగురి ముందు, నాకోసం ఒప్పుకున్నాడు. (తాత మళ్ళీ రంగులు పెట్టలేదు. అంత ఖరీదైన టీవీలో మిగతా పాటలన్నీ సేటు దంపతులు మర్యాద కోసం నలుపు తెలుపులోనే చూశారు.)

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో తాతా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఉండబట్టలేక పొట్లం సంగతి చెప్పేశాను. తాత అడిగాడు. "మరి నాకెందుకు చెప్పలె?" "నువ్వు బాధపడ్తవని." "ఉత్త మాట." "మగ్గం పోతదని గూడ." "ఆ, గది నిజం," అని నవ్వి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా అడిగాడు. "బిడ్డా, కనకాంబరం మంచిగున్నదా, మన నెమలికంఠమా?" "మన నెమలికంఠమే తాతా," అన్నాను. అది మాత్రం ఆయన మనసు కోసం చెప్పిన మాట కాదు.

తర్వాతి శుక్రవారం మళ్ళీ మా గోడ టీవీ ముందు చేరాం. ఏదో తోట పాట అయిపోయింది. అలవాటుగా అందరం తాత వైపు తిరిగాం. తాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా." నాకేం తెలుసు! బూడిద రంగు చీర, దానికి ఇంకొంచెం ముదురు బూడిద అంచు. అయినా కళ్ళు చికిలించి, మీసం లేదు గనక జడ సవరించుకుని, "ఒళ్ళు ఉల్లిపొర, అంచు నేరేడుపండు. ఇందుల అనుమానమే లేదు" అన్నాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు, బాపు కూడా. అంత ధీమాగా తీర్పు చెప్పిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఆ చీర అసలు రంగేమిటో ఈ రోజుకూ నాకు తెలియదు. దసరా వెళ్ళిన మర్నాడు, ఉల్లిపొర రంగు పడుగు ఎక్కించుకుని, తాత మగ్గం మీద నేనే కూర్చున్నాను.