ఎగదోసే చెయ్యి

రామన్నపేటలో దంచే పని అంటే సుక్కమ్మదే. ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా ముందు కబురు ఆమెకే వెళ్ళేది. ఒకే రోట్లో రెండు రోకళ్ళు పడాలి, ఒకటి ఆమెది, రెండోది కూతురు పుల్లమ్మది. కుడిచేతిలో రోకలి ఆడుతుంటే, పోటుకూ పోటుకూ నడుమ ఎడమచెయ్యి లోపలికి పోయి అంచుకెక్కిన వడ్లను ఎగదోసి వచ్చేయాలి. వేలు నలగకూడదు, పోటు ఆగకూడదు. ఊహ తెలిసిన నాటి నుంచీ పుల్లమ్మకు ఆ చెయ్యి అలవాటు చేసింది తల్లే. ఆ సంగతి ఊరంతా తిరిగి తనే చెప్పుకునేది కూడా. గొప్పలకు సుక్కమ్మ ఎప్పుడూ మొహమాటపడలేదు.

జర్మనీ లడాయి రోజుల్లో చిట్యాల దారిలో వడ్ల మిల్లు పెట్టారు. వారమంతా దంచే వడ్లు ఒక్క పూటలో బియ్యమైపోయేవి. పెళ్ళి బియ్యానికి తప్ప సుక్కమ్మను పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. చేసేది లేక తల్లీకూతుళ్ళు ఆ మిల్లులోనే కూలికి కుదిరారు.

ఇంజను చూసే మేస్త్రీ ఇస్రాయేలు తొట్టిలో వడ్లు పోయడం చూపించాడు. "సుక్కక్కా, తడి వడ్లు తొట్టి గొంతు కాడ అడ్డం వడ్తయి. గప్పుడు కట్టెతోనే పొడువాలె. చెయ్యి వెట్టిన్రో, లోపల తిరిగే ఇనుము గుంజుకుంటది" అన్నాడు. నేర్పింది అంతే.

సుక్కమ్మ తన ఎడమచేతిని కొంగుతో నడుముకు కట్టేసుకుంది. పుల్లమ్మ నవ్వింది. "నేనేమన్న సంటిపోరినా? నాకెరుక లేదా?"

కొద్ది రోజులకే వడ్లు అడ్డం పడ్డాయి. పుల్లమ్మ పక్కామెతో ముచ్చట పెడుతూనే చెయ్యి తొట్టిలోకి దించింది. సుక్కమ్మ కూతురి జుట్టు పట్టి వెనక్కి గుంజింది.

"ఏమైందమ్మా? నేనేం జేసిన?"

చెయ్యి లోపలికి వెళ్ళిందన్న సంగతే ఆ పిల్లకు తెలియదు.

ఆనాటి నుంచి సుక్కమ్మకు అన్నం సయించలేదు. బిడ్డను చూస్తే మణికట్టు దగ్గర తెగిపోయిన చెయ్యే కళ్ళముందు ఆడేది. పని మానిపిస్తే పొయ్యి వెలగదు. చెప్తే పుల్లమ్మ సరే అంటుంది, ఆ చెయ్యి వినదు.

శుక్రవారం మిల్లు బందు. జొన్నలు దంచుదాం రమ్మని తల్లి పిలిచింది. రెండు రోకళ్ళూ ఎప్పటిలాగే పడుతున్నాయి. పుల్లమ్మ చెయ్యి రోట్లోకి వెళ్ళింది. సుక్కమ్మ కళ్ళు మూసుకుని, పోటు ఒక్క క్షణం ముందే వేసింది.

"అమ్మా, సచ్చిన్నే!"

రెండు వేళ్ళు నలిగాయి. తల్లి పసుపు అద్ది గుడ్డ చుట్టింది.

వేళ్ళు మానాక మిల్లులో మళ్ళీ వడ్లు అడ్డం పడ్డాయి. పుల్లమ్మ చెయ్యి లేచింది. తొట్టి అంచు దాకా పోయి, ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. కట్టె అందుకుంది. సుక్కమ్మ బస్తాల వెనక కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మా అమ్మకు సూపు తగ్గింది. పోటు తప్పుతాంది" అని పుల్లమ్మే ఊళ్ళో చెప్పింది. ఆ తర్వాత పెళ్ళి బియ్యానికి కూడా సుక్కమ్మను ఎవరూ పిలవలేదు. ఎవరైనా అడిగితే, "అవు బిడ్డా, తప్పుతాంది" అనేది.