బొట్టు పెట్టిన సీడీ

మా చిన్నప్పుడు... బందరులో మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన మరుసటి ఏడు, సీడీ రైటర్ కొనడానికి నాన్న నన్ను వెంటబెట్టుకుని గుడివాడ వెళ్లారు. బందరులో షాపులు లేక కాదు. గుడివాడలో బాబాయి ఉన్నాడు. బాబాయి చూడందే నాన్న ఫ్యూజు వైరు కూడా కొనరు.

ఇదంతా ఒక్క క్యాసెట్ కోసం. దివిసీమ ఉప్పెనలో చిన్నప్పుడే కొట్టుకుపోయిన మా పెద్దత్త గురించి నాయనమ్మ చెప్పిన మాటలు, చివర్లో ఆ పిల్లకి పాడిన జోలపాట అందులో ఉన్నాయి. నాయనమ్మ అప్పటికే లేదు. టేపు అరిగిపోతోంది...

షాపులో రెండు రకాలు చూపించారు.

"స్పీడు ఎక్కువది తీసుకో అన్నయ్యా."

"స్పీడెందుకురా? మా అమ్మేమన్నా పరిగెడుతూ పాడిందా?"

"మీ అమ్మా? నేనేమన్నా దారిలో దొరికానా?"

షాపాయన కూడా నవ్వాడు. ఎన్నాళ్లుంటుందని అడిగారు నాన్న.

"రైటర్ సంగతి చెప్పలేనండీ. సీడీ మాత్రం మీ మనవలు కూడా వింటారు."

ఆ మాటకే కొనేశారు... స్పీడు తక్కువదే.

బాబాయి ఇంటికొచ్చి బిగించాడు. క్యాసెట్‌ని కంప్యూటర్లోకి, అక్కణ్ణుంచి సీడీలోకి ఎక్కించాడు. నాయనమ్మ గొంతు శుభ్రంగా వినిపించింది. అమ్మ ఆ సీడీ పైన, మధ్య చిల్లు పక్కనే, తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. మా ఇంట్లో ఫ్రిజ్జయినా, కుక్కరయినా బొట్టు పెట్టాకే వాడకం.

"ఇక ఈ క్యాసెట్ దేనికి వదినా?" అంటూ బాబాయి పట్టుకెళ్లాడు. దాని మీద మళ్లీ రికార్డు కాకుండా నాన్న ఏనాడో క్యాసెట్ పై అంచున ప్లాస్టిక్ ముక్క విరిచేసిన గుంటకి కాగితం అంటించి, సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. ఎవరం వద్దనలేదు. కంప్యూటర్లో ఉన్నదీ చోటు చాలక తీసేశాం. సీడీ ఉందిగా...

కొన్నేళ్లకి, నాయనమ్మ తద్దినం నాడు నాన్న ఆ పాట పెట్టమన్నారు. సీడీ తిరిగింది, తెరుచుకోలేదు. బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకుంటే, బొట్టు ఉన్న చోట వెండి పొర లేచిపోయి అవతలి వెలుతురు కనిపించింది. సీడీని చదవడం మొదలయ్యేది ఆ లోపలి అంచు నుంచే. విజయవాడలో ఇద్దరికి చూపించాం. రాదన్నారు.

ఆ తర్వాత అమ్మ కొత్త వస్తువులకి బొట్టు పెట్టడం మానేసింది. బాబాయి మా ఇంట్లో పాటల ఊసెత్తడు. రైటర్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇప్పుడు అందరి గొంతులూ ఫోన్లలో ఉంటున్నాయి... జోలపాట పాడినావిడే లేదు.

మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే ఓసారి తీసి చూడండి. పైన గుంటకి కాగితం అంటించి ఉంటే, ఆ పాటలకి ముందు అందులో ఎవరి గొంతు ఉండేదో... గుర్తుంటే ఇక్కడ రాయండి.