హోరు లేని కంప్యూటరు

వీధిలో అందరూ అతన్ని ‘ఒక్కనిమిషం’ అనే పిలిచేవారు. పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పని అతనిది. మా వీడియో ఏదయ్యా అని ఎవరడిగినా ఆ మాటే అనేవాడు. ఆ నిమిషం గడిచేలోపు కొందరి పిల్లలు బడిలో కూడా చేరిపోయేవారు.

పాపం, తప్పు అతని పాత కంప్యూటరుది. ముక్కలన్నీ అతికించాక వాటిని ఒకే వీడియోగా తయారుచెయ్యమంటే లోపలి ఫ్యాను హోరెత్తిపోయేది. ఆ హోరుకి పిచ్చుకలు వాన వస్తోందనుకుని గూళ్ళకు చేరుకుంటాయని అతనే గొప్పగా చెప్పుకునేవాడు. పని పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అలిగి ఆగిపోయేది.

అందుకని లేచి వెనక గదిలోకి వెళ్ళేవాడు. అక్కడ మంచం మీద అక్క ఉండేది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఊపిరితిత్తులు పాడై ఏడాదిగా మంచం దిగలేదు. హోరు వినపడగానే కాళ్ళు గోడవైపు ముడుచుకుని తమ్ముడికి చోటు చేసేది. అతను మందు తాగించి, తల దువ్వుతూ ఏదో ఒక కోతల కథ మొదలుపెట్టేవాడు. హోరు ఆగిందంటే కథ ఎక్కడిదక్కడ ఆగిపోయేది.

ఒకరోజు డాక్టరు అతన్ని పక్కకి పిలిచి, ఇక ఎంతోకాలం లేదు, దగ్గరుండి చూసుకోమన్నారు. దగ్గరుండాలంటే పని తొందరగా తెమలాలి. తెమలాలంటే అన్నిటికన్నా వేగమైన ప్రాసెసరున్న కొత్త కంప్యూటరు కావాలి. కంప్యూటర్ల దుకాణం నడిపే చిన్ననాటి స్నేహితుడు మాత్రం అడ్డం పడ్డాడు. దాని కింది రకం నీకు చాలురా, మిగిలే ఆ కాస్త సమయానికి ఇంత ఖరీదు దండగ అని, అమ్మేవాడై ఉండి కూడా చెప్పాడు.

“ఆ కాస్తేరా నాకు కావాల్సింది,” అన్నాడు ఇతను.

ఆ సాయంత్రమే అక్కకి సంగతి చెప్పాడు.

“అయితే పని చిటికెలో అయిపోతుందన్నమాట,” అంది ఆవిడ. “మరి నువ్వెప్పుడొస్తావురా?”

“ఎప్పుడూ ఇక్కడే ఉంటా కదక్కా.”

ఆవిడ అతని మొహం కాసేపు చూసి, సరే కొనుక్కో అంది. ఆ రోజు కథలో పెళ్ళికొడుకు ఎంత పొడుగంటే తలకి వేరే కెమెరా పెట్టాల్సి వచ్చింది. మరి పెళ్ళికూతురు నిచ్చెన తెచ్చుకుందా అని ఆవిడ అడిగేసరికి హోరు ఆగిపోయింది.

పాతది స్నేహితుడికే ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు. దానికి చప్పుడే లేదు. కుర్చీలోంచి లేచేలోపు పని ముగించి, ఇంకేం చెయ్యమంటావ్ అన్నట్టు చూసేది. ఈ సంగతి ఊరంతా పాకింది. ఇదివరకు వీడియో ఇచ్చి వెళ్ళిపోయే జనం ఇప్పుడు ఎదురుగానే కూర్చున్నారు. చిటికెలో పనే కదా, ఇది కూడా కానిచ్చెయ్యమనేవారు. కాదనడం అతనికి చేతకాలేదు. “ఒక్క నిమిషం అక్కా,” అని లోపలికి కేకేసేవాడు.

“హోరు లేదు కదరా,” అంది ఆవిడ ఓసారి, అతను మందు ఇచ్చి హడావిడిగా లేస్తుంటే. “నువ్వెప్పుడొస్తావో తెలియట్లేదు.”

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఓ మధ్యాహ్నం ఇక లాభం లేదని అందరినీ పంపేసి, షట్టరు దించి లోపలికి వెళ్ళాడు. నిచ్చెన కథకి ముగింపు దారిలోనే అల్లుకున్నాడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. పిలిచినా పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కాళ్ళు రెండూ గోడవైపు ముడుచుకుని ఉన్నాయి. మంచం అంచున అతని చోటు ఖాళీగా ఉంది.

అన్నీ అయ్యాక దుకాణానికి వెళ్ళి పాత కంప్యూటరు తిరిగిమ్మని అడిగాడు. దాన్ని ఎప్పుడో విప్పేశాడట స్నేహితుడు. పనికొచ్చేవి పనికొచ్చిన చోటికి పోయాయి. ఎవరికీ అక్కర్లేక ఫ్యాను ఒక్కటే మిగిలింది. దాన్ని వెతికి తెచ్చి, దుమ్ము ఊది చేతిలో పెట్టాడు. కొత్తది ఎలా పనిచేస్తోందిరా అని అడిగాడు.

అతను ఫ్యాను రెక్కని వేలితో మెల్లగా తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగి ఆగింది.

“రెప్ప వేసేలోపు అయిపోతోందిరా,” అన్నాడు.