రాజేశమన్నతో తెగని బండి పంచాయితీ

నిన్న పొద్దున భీవండి దగ్గరి మాన్కోలి గోడౌన్‌లో కంటైనర్ దింపిస్తున్నాను. రాజేశమన్న పెద్దబిడ్డ ఫోన్ చేసింది.

"బాబాయ్, బాపు పోయిండు."

ఏ హాస్పిటల్ అని అడిగాను. పిచ్చి ప్రశ్న. నోటికి అదే వచ్చింది.

"హాస్పిటల్ దాక యాడ పోయిండు బాబాయ్. సాంచాల కాడ్నే కూలవడ్డడు."

హార్ట్ ఎటాక్. షెడ్డులో సాంచాలన్నీ, అంటే మగ్గాలన్నీ, నడుస్తున్నాయి. ఎవరినైనా పిలిచాడో లేదో కూడా తెలియదు. ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

యాభై మూడేళ్లు. ఇదేం వయసన్నా పోవడానికి?

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రాజేశమన్న భీవండి కామత్‌ఘర్‌లో జాబర్, అంటే పవర్‌లూమ్ మెకానిక్. నడుస్తున్న మగ్గం మీద అరచెయ్యి పెట్టి జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. ముప్పై ఏళ్ల మోతకు ఆయన చెవులు దాదాపు పోయాయి.

నాకు ఆయన చుట్టం కాదు. ఇద్దరిదీ ఒకే గల్లీ, ఒకే పిచ్చి.

అడ్వెంచర్ బైక్ పిచ్చి.

ఇద్దరం చెరో బండి మీద మంచు కొండల్లోని స్పితి లోయకు వెళ్లాలని ప్లాన్. ఆయన జీవితంలో భీవండి, ఊరు, మధ్యలో బస్సు తప్ప ఇంకేం చూడలేదు. స్పితి ఎందుకన్నా అని అడిగితే ఒకటే మాట.

"ఆడ సాంచాల సప్పుడు ఉండదట గద. నా చెవులల్ల రాత్రి పగలు గుయ్‌మంటది. ఆడికి పోతెనన్న అది ఊకుంటదేమో సూస్త."

ఏ కనుమ ఏ నెలలో తెరుస్తారో, దారిలో పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందో అన్నీ కంఠతా వచ్చు మాకు. వదినతో రెండు మందపాటి స్వెటర్లు కూడా కొనిపించాడు. భీవండిలో స్వెటర్ ఎవరు వేసుకుంటారు? బండ్లు తప్ప అన్నీ రెడీ.

పేచీ అక్కడే. ఆయనకు రెండొందల సీసీ కావాలి. నాకు నాలుగొందల యాభై.

ఎవడి బండి వాడు కొనుక్కోవచ్చు కదా అంటారా? మా జాబర్ గారు ఒప్పుకోనిదే అది.

"షెడ్డుల రెండు తీర్ల సాంచాలు పెట్టినోడు ఎన్నడన్న బాగుపడ్డడా? రెండు బండ్లు ఒక్కటే తీరు ఉండాలె. ఒక్క క్లచ్ కేబుల్ పట్కపోతె ఇద్దరికి అక్కరకొస్తది."

సో, ఒకే మోడల్, రెండు బండ్లు. ఆ మోడల్ ఏదో తేలాలి. మూడేళ్లు తేలలేదు.

శుక్రవారం మగ్గాలకు సెలవు. నేను గోడౌన్‌లో బతిమాలి మరీ శుక్రవారమే వీక్లీ ఆఫ్ పెట్టించుకున్నాను. చాయ్ టపరీ దగ్గర కూర్చుని ఫోన్‌లో కంపారిజన్ వీడియోలు చూసేవాళ్లం. వీడియోలో హిందీలో చెప్పేదంతా నేను ఆయన చెవిలో తెలుగులో అరవాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చిన్న బండి గురించి మంచి చెబితే మింగేసేవాణ్ణి. తేలిగ్గా ఉంటుంది, పడితే ఒక్కడే లేపుకోవచ్చు అని వాళ్లు చెబితే, నేను "సీటు గట్టిగున్నదట అన్నా" అనేవాణ్ణి.

ఆయన ఇంటికి వెళ్లి అవే వీడియోలు కింద తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుని మళ్లీ చూసేవాడట. నిన్న బిడ్డ చెప్పింది. ఒక్కసారి కూడా నన్ను నిలదీయలేదు మహానుభావుడు.

థానేలో షోరూమ్‌కు టెస్ట్ రైడ్‌కు వెళ్లిన రోజు తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది. మగ్గాల మధ్య బతికిన వాళ్లం కదా, మామూలు మాటే కేకలా ఉంటుంది. ఆయన "చిన్నదే!" అన్నాడు. నేను "పెద్దదే!" అన్నాను. కొట్టుకుంటున్నాం అనుకుని సేల్స్‌మన్ సెక్యూరిటీని పిలిచాడు.

తర్వాత అన్న రెండు బండ్లూ స్టార్ట్ చేయించాడు. ఒక్కోదాని ట్యాంక్ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"కాకా, పూజా బాద్ మే, పెహలే బుకింగ్" అన్నాడు సేల్స్‌మన్. పూజ తర్వాత, ముందు బుకింగ్ అట.

అన్న కాసేపటికి కళ్లు తెరిచి నాతో అన్నాడు. "చిన్నది మన దమ్ము సూసుకొని నడుస్తది శీను. పెద్దది దాని దమ్ము మనకు సూపిస్తది."

ఏ యూట్యూబ్ వాడూ ఇంత బాగా చెప్పలేదు. అయినా నేను తగ్గానా? హైవే మీద వంద దాటితే చిన్నది గింజుకుంటుంది, లగేజీతో ఘాట్ ఎక్కలేదు, అని మళ్లీ మొదలుపెట్టాను. మొండివాణ్ణి.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక వదిన నన్ను పక్కకు పిలిచింది.

"శీను, మీ అన్న ఎప్పుడో ఒప్పుకున్నడు. పెద్దదే తీసుకుంట అని పోయిన దసరాకే నాతోని అన్నడు."

మరి నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"చెప్తె పంచాయితి ఒడుస్తది, వాడు శుక్రారం రాడు అన్నడు."



అది నేనన్న మాటే. బండి ఫైనల్ అయితే ఇక శుక్రవారాలు కూడా డ్యూటీకే పోతానని ఎప్పుడో నవ్వుతూ అన్నాను. అని మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

దసరా నుంచి మొన్నటి దాకా, తనకు అక్కర్లేని చిన్న బండి తరఫున వారం వారం నాతో కొట్లాడాడు. నేను వచ్చి పక్కన కూర్చోవాలని.

ఈరోజు శుక్రవారం. టపరీ దగ్గరికి వచ్చాను. పక్కన ఎవరూ లేరు.

నువ్వు ఒప్పుకున్నా వచ్చేవాణ్ణి కదన్నా. బండి కొన్నా వచ్చేవాణ్ణి, కొనకున్నా వచ్చేవాణ్ణి. ఈ ముక్క నీ చెవిలో ఒక్కసారైనా అరిచి చెప్పాల్సింది. చెప్పలేదు.

పోయి రా రాజేశమన్నా. ఎక్కడున్నా నీ మనసు నిమ్మళంగా ఉండాలి.