ప్రూఫుగారు వదిలేసిన తప్పు

కంటికి అక్షరదోషం కనబడితే దిద్దకుండా అడుగు ముందుకు వెయ్యలేకపోవడం ప్రూఫుగారి జబ్బు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది కానీ, అచ్చాఫీసులో ముప్ఫై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాక దాన్ని వాడేవాళ్ళు లేక మూలన పడిపోయింది. రిటైరైన రోజున సన్మానపత్రం చదువుతుంటే మధ్యలో ఆపించి, పత్రం అందుకుని, జేబులోని ఎర్ర పెన్నుతో ఆరు తప్పులు దిద్ది, మళ్ళీ చదవమన్నారు. చదివే ఆయన, పాపం, మొదటినుంచీ చదివాడు.

పెళ్ళికి ముందు ఆయన భార్య ఆయనకు ఒకే ఒక ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా అది ఎర్రగీతలతో తిరుగుటపాలో వచ్చింది. "విషయం బాగుంది, ఒత్తులు చూసుకోవలెను" అని కింద మెచ్చుకోలు కూడా ఉంది. ఆనాటినుంచి ఆవిడ సరుకుల చీటీ కూడా రాసి ఎరగదు. ఏం చెప్పినా నోటితోనే. నోటిమాటకు ప్రూఫు ఉండదని ఆవిడ ధైర్యం.

అలాంటి మనిషిని పార్కు కమిటీలో చేర్చుకోవడం టైలరమ్మ చేజేతులా తెచ్చుకున్న తంటా.

టైలరమ్మ కుట్టుగది కిటికీ తీస్తే నది కనిపిస్తుంది. కనిపించాలి. చాలా ఏళ్ళు కనిపించింది మాత్రం ఒడ్డు పొడుగునా పేరుకున్న చెత్త. చిరిగిన పరుపులు, కాళ్ళు విరిగిన కుర్చీలు, ఒకసారి ఏకంగా ఒక బీరువా. కాలు విరిగి కట్టు విప్పించుకున్న అత్తగారిని రోజూ నడిపించమని డాక్టరు చెప్పాడు. వీధిలో నడిపిద్దామంటే బళ్ళ రద్దీ. దాంతో టైలరమ్మ కొంగు బిగించి, వాడకట్టులో పదిమందిని పోగుచేసి, రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ ధారపోసి ఒడ్డు బాగుచేయించింది. బాట వేశారు, బెంచీలు వేశారు, గడ్డి పెంచారు.

మొక్కలు నాటే రోజుకు ఐదువందల కరపత్రాలు వేయించారు. "ముక్కలు నాటుదాం రండి" అని అచ్చయ్యాయి. పంచిపెట్టమని ప్రూఫుగారికిస్తే, ఆయన తలుపు గడియ వేసుకుని ఒక్కొక్కటే ఎర్రసిరాతో దిద్దారు. మూడు రోజులు పట్టింది. నాటే రోజు రెండోరోజునే వెళ్ళిపోయింది. కబురందక ఎవరూ రాలేదు. టైలరమ్మ, ఆవిడ భర్త ఇద్దరే నడుములు పడిపోయేలా గోతులు తవ్వారు. నాలుగోనాడు ప్రూఫుగారు కట్ట తెచ్చి గర్వంగా చేతిలో పెట్టారు.

"అయిపోయిన పెళ్ళికి మేళమా బాబాయిగారూ?" అంది టైలరమ్మ.

"మేళం ఆలస్యమైనా అపశ్రుతి ఉండకూడదమ్మా" అన్నారాయన.

పార్కు తయారయ్యేదాకా అటు తొంగిచూడని మునిసిపలాఫీసువాళ్ళు, తయారయ్యాక మాత్రం పరుగున వచ్చారు. వచ్చి పదకొండు బోర్డులు పాతారు. బెంచీ పక్కన "ఇచ్చట కూర్చోరాదు". గడ్డి దగ్గర "ఇచ్చట పిల్లలు ఆడుకోరాదు". చెట్టు నీడలో "ఇచ్చట గుంపుగా చేరి మాట్లాడరాదు". పైగా ఈల ఇచ్చి ఒక వాచ్‌మన్‌ని కూడా పెట్టారు. ఆయనది ఒకటే సిద్ధాంతం, రాసి ఉన్నది జరగాలి. ఎవరి మోకాలు వంగినా ఈల మోగేది. టైలరమ్మ అత్తగారు ముప్ఫై అడుగులు వేసి, ఆయాసం తీర్చుకుందామని బెంచీ మీద కూర్చోగానే అదే ఈల. ఆవిడ ఇంటికొచ్చి చేతికర్ర మూలన పెట్టేసి, మళ్ళీ గడప దాటలేదు. ఆ తర్వాత మిగతావాళ్ళూ మానేశారు.

అప్పుడు ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పార్కును ప్రజలు వాడుకోవడం లేదని తెలిసిందట. శనివారం అధికారి తనిఖీకి వస్తాడు, ఖాళీగా కనిపిస్తే ఆ స్థలం లారీల స్టాండుకు ఇచ్చేస్తారు. బోర్డులు పీకేయమని అడిగితే, బోర్డు పీకడం నేరమన్నారు. మార్చాలంటే అర్జీ పెట్టుకోమన్నారు.

అర్జీ రాసిపెట్టమని టైలరమ్మ ప్రూఫుగారిని పార్కుకు పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పదకొండు బోర్డులూ చదివారు. వెనక్కి వెళ్ళి ఒకటి రెండోసారి చదివారు.

"నా సర్వీసు మొత్తంలో ఇంత శుద్ధమైన బోర్డులు చూడలేదమ్మా. ఒక్క తప్పు లేదు."

"తప్పు లేదు బాబాయిగారూ. మనిషీ లేడు" అంది టైలరమ్మ. అత్తగారి సంగతి కూడా చెప్పింది.

ఆయన బెంచీ పక్క బోర్డును ఇంకోసారి చూశారు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం అని టైలరమ్మ మనసులో తిట్టుకుంది. రెండేళ్ళ కష్టం లారీల పాలేనని ఆ రోజు మిషను కూడా తొక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాచ్‌మన్ స్వయంగా వాళ్ళింటికి వచ్చాడు.

"పెద్దమ్మగారు వచ్చి కూర్చోవాలండి. రాతపూర్వకంగా ఉంది" అన్నాడు.

టైలరమ్మ ఒక్క పరుగున వెళ్ళి చూసింది. బోర్డు అదే, రంగు అదే. చివరి కొమ్ముకు మాత్రం ఒక దీర్ఘం తగిలింది. "ఇచ్చట కూర్చోరాదూ". నిన్నటిదాకా కసిరిన బోర్డు ఇవాళ చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తోంది. గడ్డి దగ్గర "ఇచ్చట పిల్లలు ఆడుకోరాదూ". చెట్టు నీడలో "ఇచ్చట గుంపుగా చేరి మాట్లాడరాదూ". "నదిలోకి దిగరాదు", "చెత్త వేయరాదు" అన్న రెండూ మాత్రం ఎప్పటిలాగే పొట్టి కొమ్ములతో ఉన్నాయి. పట్టపగలే ఎవరో తీరిగ్గా రాసిపోయారు. పార్కులో మనిషి ఉంటేగా చూడ్డానికి. వాచ్‌మన్ కూడా ఆ వేళకు భోజనానికి వెళ్ళాడట.

ప్రూఫుగారింటికి వెళితే ఆయన భార్య గుమ్మంలోనే ఎదురైంది.

"మీ బాబాయికి ఒంట్లో బాలేదమ్మా. నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు. ఏమైందంటే, అసలు కాపీలో లేని దీర్ఘం నా చేత్తో పెట్టానే అంటున్నారు. అంటే ఏం రోగం?"

టైలరమ్మకు నవ్వూ కన్నీళ్ళూ కలిసే వచ్చాయి. తిట్టుకున్నందుకు సిగ్గేసింది. లోపలికి వెళ్ళి పలకరించే ధైర్యం చాలక, తడిగుడ్డ మార్చమని చెప్పి వచ్చేసింది.

శనివారం అధికారి వచ్చేసరికి పార్కులో కూర్చోవడానికి చోటు లేదు. బోర్డు ప్రకారం పిల్లలు గడ్డి మీద దొర్లుతున్నారు. బోర్డు ప్రకారమే పెద్దలు గుంపుగా చేరి మాట్లాడుతున్నారు. టైలరమ్మ అత్తగారు బెంచీ నడిమధ్యన ఉంది. ఎవరైనా నిలబడి కనిపిస్తే వాచ్‌మన్ ఈల వేసి మరీ కూర్చోబెడుతున్నాడు. అధికారి బోర్డు దగ్గర ఆగి పైకే చదివాడు. దీర్ఘం దగ్గర ఆయన గొంతు కూడా తనకు తెలియకుండానే మెత్తబడింది.

"ఎవరిదీ పని?"

ప్రూఫుగారు ముందుకు వచ్చారు. మొహం ఇంకా వాడిపోయే ఉంది. "అచ్చుతప్పండి. నా చేతిలో జరిగింది" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం వాడకట్టులో ఎవరికైనా అదే మొదలు.

అధికారి జనాన్ని చూశాడు, బెంచీ మీది ముసలావిడను చూశాడు, పుస్తకంలో "వాడుకలో ఉన్నది" అని రాసుకున్నాడు. తప్పు తప్పే గనక, దిద్దించమని కమిటీ ఒక అర్జీ పెట్టుకోవాలన్నాడు.

"నేనే రాస్తానండి" అన్నారు ప్రూఫుగారు. "ఒక్క పొల్లు కూడా తప్పుపోదు."

అది జరిగి ఏడాది దాటింది. పార్కు సాయంత్రాలు కిటకిటలాడుతోంది. అర్జీ ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది. "అయ్యా" తర్వాత కామా పెట్టాలో, ఆశ్చర్యార్థకం పెట్టాలో ప్రూఫుగారు ఎంతకీ తేల్చుకోలేకపోతున్నారట.