ఇంజను దూప

మంథని నుంచి పెద్దపల్లికి బస్సు నడిపే ముత్యం సీటు మీద ఎప్పుడూ ఒక దూది మెత్త ఉంటది, పక్కన పల్లేరుకాయల కషాయం సీసా ఉంటది. మూత్రం తిత్తి కింద మొగోళ్లకుండే గ్రంథి వాచిందనీ, ఒంటేలు వస్తే ఎన్నడూ ఆపుకోవద్దనీ కరీంనగర్ డాక్టరు చెప్పిండు. అందుకే నడిమిట్ల వాగు కాడ బస్సు ఆపి, "ఇంజనుకు దూపైంది" అని డబ్బా పట్టుకొని తుమ్మపొదల చాటుకు పోతడు. ఇంజనుకు పోసేది చెంబెడు నీళ్లే, ముత్యం మాత్రం ఎంతకూ రాడు. జనానికి తెలుసు. నవ్వరు, బీడీలు ముట్టించుకుంటరు. నవ్వింది చెకింగు సారొక్కడే. పోయిన ఎండకాలం నిండు బస్సుల, "ఏందిరా, పచ్చి బాలింత లెక్క గడియకోసారి కూసుంటవ్?" అని, బస్సు ఆలస్యమని రాసి, వారం దినాలు డ్యూటీ బందు పెట్టిచ్చిండు.

మొన్న అదే సారు ముందు సీట్ల కూసున్నడు. వాగు దగ్గరపడంగనే తొడలు ముడుసుకున్నడు.

"ముత్యం, జర ఆపు."

"ఇయ్యాల ఇంజనుకు దూప కాలే సారూ."

"అన్నా, నీ కాళ్లు మొక్కుత!"

"ఆలస్యమైతే మీరే రాస్తరు గద."

బస్సు వాగు దాటింది. పెద్దపల్లిల సారు తడిసిన ప్యాంటుకు ఫైలు అడ్డం పెట్టుకొని దిగిండు. అందరూ దిగినా ముత్యం దిగలే. ఆయన కింది దూది మెత్త ఎప్పుడో తడిసింది. స్టీరింగు మీద తల ఆనిచ్చి, మంటకు పండ్లు బిగబట్టి, నవ్వుతుండు.